తొమ్మిదింపావు గేటు

మా బావ అసలు పేరు ఉద్యోగుల హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. బడిపిల్లలు ఆయన్ని 'తొమ్మిదింపావు' అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనకి కోపం రాకపోగా, కొత్తగా చేరిన టీచరెవరైనా మీ పేరేమిటండీ అని అడిగితే ఒక్క క్షణం ఆలోచించుకునేవాడు. ఇరవై ఆరేళ్లు ఒకే బడికి గేటు మనిషిగా ఉన్నాడు. పొద్దున ఎనిమిదికి గేటు తీయాలి, తొమ్మిదింపావుకి వేయాలి, సాయంత్రం బెల్లు కొట్టాక మళ్లీ తీయాలి. మధ్యలో ఆకాశం ఊడిపడినా పిల్లల కోసం గేటు తీయకూడదని హెడ్మాస్టరు ఆర్డరు. హెడ్మాస్టర్లు ఆరుగురు మారారు గానీ ఆ ఆర్డరు మారలేదు.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. భవనాల ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ని. బావమరిదిని కాబట్టి ఆయన్ని ఏమైనా అనే హక్కు నాకుంది. ఆ హక్కుని ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు. నీకూ గేటుకీ తేడా ఏమిటంటే దానికి ఏటా రంగు వేస్తారు బావా, అనేవాణ్ణి. నూనె మాత్రం ఇద్దరికీ వేయరు, అని ఆయన మోకాళ్లు రాసుకునేవాడు. ఎంత కవ్వించినా ఆయనకి చుర్రుమనేది కాదు, అందుకే నాకు కాస్త కడుపుమంటగా ఉండేది.

గేటుని ఆనుకుని వాళ్ల గది. పొడవు పదడుగులు, వెడల్పు ఎనిమిది. ఎక్కడికి వెళ్లినా టేపు తీయడం నాకున్న జబ్బు. ఒక మంచం, స్టవ్వు పెట్టుకునే బల్ల, కిటికీ పక్కన అక్క కుట్టుమిషను. వీధివైపు కిటికీకి అక్క ఒక చెక్కపలక బిగించుకుంది. అదే ఆవిడ దుకాణం. తెగిన బ్యాగు పట్టీలు, మొరాయించే జిప్పులు, ఊడిన బొత్తాలు. పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులు పొద్దున ఇచ్చి సాయంత్రం పట్టుకెళ్లేవారు. వాళ్ల కూతురు ఆ గదిలోనే పుట్టి, మిషను చప్పుడులోనే చదువుకుని, నర్సయి వేరే ఊరు వెళ్లింది. గది ఇరుకని అక్క రోజూ సణిగేది. ఎవరైనా ఆ మాటంటే మాత్రం ఊరుకునేది కాదు.

బడి కప్పు మూడుచోట్ల కారడం మొదలెట్టాక కొత్తది కట్టాలని నిర్ణయించారు. మా ఆఫీసుకి కాగితం వచ్చింది. పైన 'కొత్త సమాజానికి కొత్త బడి' అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఇలాంటి కాగితాలు చాలా చూశాను. మేం పాత ప్లాను ఒకటి బయటికి తీసి, ఉత్తరదిక్కు గుర్తు మార్చి ఇచ్చేస్తాం. ఈసారి అలా కుదరలేదు. ఆ పని కొత్తగా వచ్చిన ఆర్కిటెక్టు మేడం చేతికి వెళ్లింది. చిన్నవయసు, మొండిఘటం. బడి ఎవరిదో వాళ్లనే అడుగుదాం అంది.

అడిగింది కూడా. చుట్టుపక్కల వీధుల వాళ్లందర్నీ పిలిచి కుర్చీలు వేసి కూర్చోబెడితే, అందరూ మీకు తెలియనిదేముందండీ, మీ ఇష్టం అని టీలు తాగి వెళ్లిపోయారు. నేను లోలోపల నవ్వుకున్నాను. ఆవిడ మాత్రం వదల్లేదు. బడి పక్కనున్న ఖాళీ స్థలం చదును చేయించి, ప్లానంతా అసలు కొలతలతో నేలమీద సున్నంతో గీయమని నన్ను పురమాయించింది. బడి సెలవుల్లో పదిరోజులపాటు పొద్దున గంటసేపు అందరూ ఆ గీతల్లో బడి నడిపిస్తారట. కూర్చుంటారు, తిరుగుతారు, పోట్లాడుకుంటారు. నచ్చని గీతని కాలితో చెరిపేస్తారు. మళ్లీ గీయాల్సింది నేను. అడుగున చిల్లులు పెట్టిన సున్నం డబ్బా పట్టుకుని వంగి వంగి నా నడుం పడిపోయింది.

మొదటి రెండు రోజులూ తిట్టుకుంటూనే గీశాను. మూడోరోజు ఒకటో తరగతి పిల్లలు నలుగురు మరుగుదొడ్డి గీత దాకా వెళ్లి వెనక్కొచ్చేశారు. ఎందుకని అడిగితే, టీచర్ల గది ముందు నుంచి వెళ్లాలంటే సిగ్గు అన్నారు. బడులు గీయడం మొదలెట్టి పంతొమ్మిదేళ్లు, ఈ సంగతి నాకు తట్టలేదు. మరుగుదొడ్డి అటు జరిగింది. మనవల కోసం ఎండలో నిలబడే ముసలమ్మలు, వెనకెక్కడో ఉన్న లైబ్రరీని రోడ్డువైపుకి లాక్కొచ్చారు. చెప్పులు కుట్టే ఆయన, సైకిళ్లు బాగుచేసే ఆయన కలిసి పొడవాటి పనిగది ఒకటి అడిగారు. వాళ్లు అక్కడ పని చేసుకుంటుంటే పిల్లలు వచ్చి చెయ్యి కలిపి నేర్చుకుంటారట. ఐదోరోజుకి నేను సణగడం మానేశాను. ఆరోరోజు అందరికంటే ముందు నేనే వచ్చాను.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. మొదటిరోజే ఎవరూ అడక్కుండా, గేటు పక్కన రెండు గదులూ వంటిల్లూ ఉన్న చిన్న ఇల్లు గీశాను. వీధివైపు వెడల్పాటి కిటికీ, దానికి సిమెంటు పలక. ఇదేమిటని మేడం అడిగితే, గేటున్నాక గేటు మనిషికి ఇల్లుండాలి కదండీ, భద్రత కోసం అన్నాను. ఆవిడ సరేనంది. అక్క వచ్చి ఆ గీతల మధ్య నిలబడింది. చెయ్యి చాచి ఇక్కడ అల్మారా అంది. రెండడుగులు వేసి ఇక్కడ మిషను అంది. ఒక స్టూలు తెచ్చి అక్కడ వేసుకుని, రోజూ ఆ గంటసేపూ దానిమీదే కూర్చునేది. ఇరవై ఏళ్లకి పైగా పదడుగుల గదిలో బతికిన మనిషి. నేను ఆవిడకి ఇచ్చిన మొదటి బహుమతి అదే అనుకున్నాను. గేటుంటేనే ఆ ఇల్లు. గేటు లేకపోతే బావ ఎటో, ఆ గది ఎటో.

ఏడోరోజు గీతలు చెదిరిపోయాయి. మేడం బావ చేతికి సున్నం డబ్బా ఇచ్చి, గేటు దగ్గర గీతలు కాస్త దిద్దమంది. అక్కడ గేటంటే గేటు కాదు, సున్నం గీతలో ఐదడుగుల ఖాళీ. అంతే. బావ దిద్దుతున్నాడు. తొమ్మిదింపావయింది. ఆయన వాచీ చూసుకుని, ఆ ఖాళీకి అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొసకి గీత గీసేసి, చేతులు దులుపుకుని పక్కకి నిలబడ్డాడు. ఆయన ఆలోచించి చేసిన పని కాదది. చెయ్యి దానంతటదే చేసేసింది. మేమెవరం పట్టించుకోలేదు.

తొమ్మిదిన్నర అవుతుండగా ఇస్త్రీ బండి అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. వీధి చివర బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది, కూతురు ఇదే బడిలో రెండో తరగతి. బట్టలు ఇచ్చి వచ్చేసరికి ఆలస్యమైంది. వచ్చి ఆ గీత దగ్గర ఆగిపోయింది. ఎంతకీ లోపలికి రాదు. మేడం చూసి, అక్కడే నిలబడిపోయారేం, రండి అని పిలిచింది.

"గేటు వేసేశారు కదండీ," అంది ఆ అమ్మాయి.

అందరం గొల్లున నవ్వాం. బావ కూడా నవ్వాడు. ఆ అమ్మాయీ నవ్వింది, కానీ కాలు లేవలేదు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, వేళ్లు గీతకి తగలకుండా నిలబడింది. అప్పుడు తట్టింది నాకు. ఏడు రోజులుగా మేమందరం, నాతో సహా, ఆ ఐదడుగుల ఖాళీలోంచే లోపలికీ బయటికీ తిరుగుతున్నాం. చుట్టూ ఉన్నది సున్నమే. ఎటునుంచైనా దాటొచ్చు. ఒక్కళ్లు దాటలేదు. బావ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వెళ్లి కాలితో గీత చెరిపి, రామ్మా అన్నాడు. ఆ అమ్మాయి తలొంచుకుని లోపలికి వచ్చింది.

ఆ సాయంత్రం బావ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఏమైందని అక్క పదిసార్లు అడిగితే చెప్పాడు. ఆ అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడిందట. తమ్ముళ్లిద్దరికీ వండిపెట్టి వచ్చేసరికి ఆలస్యమయ్యేది. వరసగా మూడు రోజులు గేటు వేసేశాక వచ్చింది. మూడు రోజులూ బావ వెనక్కి పంపాడు. నాలుగోరోజు వీధి మలుపు దాకా వచ్చి, అక్కణ్ణుంచి గేటు వైపు చూసి వెనక్కి తిరిగింది. ఇంకెప్పుడూ రాలేదు.

"నాలుగోరోజు టైముకే వచ్చింది. ఇంకా ఐదు నిమిషాలుంది," అన్నాడు బావ. "గేటు తీసే ఉంది. కేకేస్తే వినపడే దూరం. నేను కేకెయ్యలేదు."

మాకు అర్థమైంది ఆయన బుర్రలో ఏం తిరుగుతోందో. మూడురోజుల్లో విద్యాశాఖ అధికారి వస్తాడు, ప్లాను ఖాయం చేస్తారు. మీరు ఆరోజు నోరు మెదపొద్దు అని అక్క గట్టిగా చెప్పింది. రెండు గదుల ఇల్లు, ఇన్నేళ్ల తర్వాత, అంటూ ఆయన వదిలేసిన కంచం మీద మూత పెట్టింది. నేను అక్కడితో ఊరుకోకుండా, నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఆ అమ్మాయి చదువు తిరిగి రాదు బావా, అన్నాను. తెలివైన మాట అన్నాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పదోరోజు అధికారి వచ్చాడు. ఆయనకి కుర్చీ వేశారు. మేడం అందర్నీ వెంటబెట్టుకుని గీతల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కటీ చూపించి ఉంచుదామా తీసేద్దామా అని అడుగుతోంది. లైబ్రరీ ఉంచుదాం అన్నారు. పనిగది ఉంచుదాం అన్నారు. గేటు దగ్గరికి వచ్చేసరికి అందరి నోళ్లూ మూతపడ్డాయి. అందరూ బావని చూసి, తర్వాత నేలని చూశారు. ఆ గేటు వెనక ఎవరి బతుకుందో వాళ్లకి తెలుసు. గేటు లేకుండా బడేమిటి, ఇందులో అడగడానికేముంది, అని హెడ్మాస్టరు తేల్చేశాడు. మేడం ముందుకి కదిలింది. అమ్మయ్య అనుకున్నాను.

"ఆగండమ్మా," అన్నాడు బావ.

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. హెడ్మాస్టరు వైపు చూడలేదు, అక్క వైపు అసలు చూడలేదు.

"గేటు వద్దండి. పిల్లలు బయటికి పోకుండా గేటంటారు. ఇన్నేళ్లలో పారిపోతుంటే నేను పట్టుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. లోపలికి రాబోయి వెనక్కి పోయినవాళ్లు మాత్రం లెక్కలేనంతమంది. వాళ్లని గేటు పంపలేదు, నేను పంపాను."

పిల్లలు రోడ్డుమీదకి పరిగెత్తితే బాధ్యత ఎవరిదని హెడ్మాస్టరు నిలదీశాడు.

"గేటుకి ఉన్నవి నా రెండు కళ్లేనండి. అన్నం తిన్నాక అవీ మూతపడతాయి, మీకూ తెలుసు. రోడ్డువైపు ఆ లైబ్రరీ, పనిగది పెట్టి, ముందు పొడుగ్గా అరుగు వేయండి. పొద్దస్తమానం అక్కడ మనుషులుంటారు. అంతమంది కళ్లు కప్పి ఏ పిల్ల పోతుంది?"

ముసలమ్మలు ముందు తలూపారు. చెప్పులు కుట్టే ఆయన, నేను చూసుకుంటానండీ, నా బల్ల రోడ్డువైపే కదా అన్నాడు. ఇస్త్రీ బండి అమ్మాయి అప్పుడు నోరు విప్పింది. పొద్దున ఎవరి పనులు చూసుకుని వాళ్లు వచ్చేదాకా ఒక గంట వదిలేయండి, పాఠం పదింటికి మొదలెట్టండి, అంది. మెల్లగానే అంది గానీ అందరికీ వినపడింది. అధికారి మేడం వైపు తిరిగి, రాసుకోండి అన్నాడు.

గేటు గీతలు బావే కాలితో చెరిపాడు. పక్కన ఇల్లు మిగిలింది. అక్క అందులో స్టూలు మీద కూర్చునే ఉంది. బావ అటు అడుగు వేయలేకపోయాడు. ఇది కూడా తీసేయాలి కదా అని మేడం నాతో మెల్లగా అంది. గీసింది నేనే కాబట్టి చెరపాల్సిందీ నేనే. చీపురు తీసుకుని వెళ్లి నిలబడ్డాను. అక్క లేచింది. స్టూలు చంకన పెట్టుకుంది. అల్మారా అనుకున్న చోటు పక్కనుంచి, వంటింట్లోంచి, ముందుగదిలోకి వచ్చి, నేను తలుపు కోసం వదిలిన ఖాళీలోంచే బయటికి వెళ్లింది. ఒక్క గీత కూడా తొక్కలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఊడ్చాను.

బావ ఉద్యోగం ఊరి ఆ చివరనున్న గోదాముకి మార్చారు. విరిగిన బెంచీలు, కాళ్లు లేని కుర్చీలు పడేసే చోటు. అక్కడా గేటే. పాత బడి పడగొట్టే ముందు గది ఖాళీ చేశారు. సామాను రిక్షాలోకి ఎక్కిస్తుంటే అక్క బావతో ఒకే ఒక్క మాట అంది.

"ఊళ్లో పిల్లలందరికీ తలుపు తీశారు. నాకు తలుపే లేకుండా చేశారు."

బావ మిషనుని తనే ఎత్తి రిక్షాలో పెట్టాడు.

కొత్తగా అద్దెకి దొరికింది మూడో అంతస్తులో ఒక గది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. జిప్పు బాగుచేయించుకోవడానికి మూడంతస్తులు ఎవరెక్కుతారు? మిషను మీద దుప్పటి కప్పేసింది అక్క. బావతో మాటలు మానేసింది. నేను వెళ్లినప్పుడు మాత్రం, మంచినీళ్లు కావాలేమో మీ బావని అడుగు, అనేది. బావ ఆవిడ పక్కనే కూర్చుని ఉండేవాడు. కావాలని చెప్పు, అనేవాడు ఆయన నాతో. మధ్యలో నేను పోస్టుమన్నులా అటూ ఇటూ మాటలు మోసేవాణ్ణి. మొదట్లో నవ్వొచ్చేది. నెలలు గడిచేకొద్దీ నవ్వు రావడం మానేసింది.

ఒకసారి ఇస్త్రీ బండి అమ్మాయి ఆ మూడంతస్తులూ ఎక్కి వచ్చింది. పనిగదిలో కుట్టుమిషనుకి చోటుంచాం, మీరొచ్చి నాకూ ఇంకో నలుగురికీ కుట్టు నేర్పితే మీ పని కూడా అక్కడే చేసుకోవచ్చు, అని అడిగింది. అక్క ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, నేను ఆ వీధి మొహం చూడను అని చెప్పి పంపేసింది.

కొత్త బడి తెరిచారు. తెరిచినరోజు గోడమీద రాతిపలకలో మంత్రి పేరు, అధికారి పేరు, కాంట్రాక్టరు పేరు ఉన్నాయి. మా బావ పేరు లేదు. ఆ పేరు చెప్పమంటే హెడ్మాస్టరుకి కూడా గుర్తుండదని నాకు తెలుసు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. మేడంతో గట్టిగానే మాట్లాడాను. ఆవిడ తల దించుకుంది.

రెండు వారాల తర్వాత బావకి సెలవురోజు వస్తే, ఒకసారి చూసొద్దామా అని నన్ను అడిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రోడ్డువైపు పొడవాటి అరుగు. దానిమీద ముగ్గురు ముసలమ్మలు, పేపరు చదివే ఒక పెద్దాయన. వాళ్ల వెనక లైబ్రరీ తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మేమూ ఒక పక్కన కూర్చున్నాం. తొమ్మిదింపావుకి బావ వాచీ చూసుకున్నాడు. తొమ్మిదీ నలభైకి ఒక చిన్నపిల్ల, జడ ఒకటే వేసుకుని, రెండోది వేలాడుతుండగా పరిగెత్తుకుంటూ వచ్చింది. మా ముందు నుంచి లోపలికి వెళ్లిపోయింది. ముసలమ్మల్లో ఒకావిడ, ఆ జడ ఇటు రా వేస్తాను అని కేకేసింది. ఇంకెవరూ తలెత్తలేదు. ఆ పిల్ల కనుమరుగయ్యేదాకా బావ చూస్తూనే ఉన్నాడు.

లోపలికి వెళ్దాం పద అన్నాను. ఆయన లేవలేదు.

"బడి జరుగుతుండగా నేనెప్పుడూ లోపలికి వెళ్లలేదురా. గేటు వదలకూడదు కదా," అన్నాడు.

ఇన్నేళ్లు ఆయన్ని ఆటపట్టించాను గానీ ఈ ముక్క నాకు తెలియదు. చెయ్యి పట్టుకుని లేపాను. కొత్తగా చేరిన పిల్లాడిలా గోడవార నడిచాడు. ఒక గదిలో పిల్లలు గుండ్రంగా కూర్చుని దేనిమీదో వాదించుకుంటున్నారు. బావ అక్కడ ఆగి విన్నాడు. ఇంకో గది దగ్గర ఇంకాసేపు ఆగాడు. చివర పనిగది. చెప్పులు కుట్టే ఆయన చుట్టూ నలుగురు పిల్లలు. అవతల కిటికీ దగ్గర మిషను చప్పుడు. మిషను వేరేదే గానీ ఆ తొక్కే తీరు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

అక్క మిషను ముందు కూర్చుని ఉంది. పక్కన ఇస్త్రీ బండి అమ్మాయి గుడ్డ పట్టుకుని సాగదీస్తోంది. తర్వాత తెలిసింది, బడి తెరిచిన మూడోరోజు నుంచీ అక్క రోజూ వస్తోందట. బావ డ్యూటీకి బయల్దేరగానే తర్వాత బస్సు ఎక్కేదట. ఆరోజు ఆయనకి సెలవు కాబట్టి కూరలకి వెళ్తున్నట్టు ముందే బయల్దేరింది, మేం అరుగుమీద కూర్చునే సరికే ఆవిడ లోపలుంది.

బావ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆయన నీడ పడి అక్క తలెత్తింది. మిషను ఆగింది. ఇద్దరి మధ్యా నేనున్నాను, కానీ ఈసారి నన్ను ఎవరూ ఏమీ చెప్పమనలేదు.

"లోపలికి రావచ్చా?" అన్నాడు బావ.

అక్క గోడ గడియారం వైపు చూసింది, తర్వాత ఆయన్ని చూసింది. ఎనిమిది నెలల తర్వాత ఆయనతో నేరుగా మాట్లాడింది.

"ఆ ఇంటి సంగతి నేను మర్చిపోలేదు," అంది. "రండి. వచ్చి కూర్చోండి."